క్లినిక్ పెట్టించాలా, పరిశోధనకు పంపాలా?

ప్రశ్న: మాది తెనాలి. వడ్రంగి పని చేస్తాను. మా అమ్మాయి బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, మూడో సంవత్సరం చదువుతోంది. చదువవగానే ఊళ్ళోనే చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టిద్దామని డబ్బు కూడబెడుతున్నాను. తనేమో కీళ్ళు, కండరాల నొప్పుల చికిత్సల మీద పరిశోధన చేస్తానంటోంది. నిరుడు నా మోచేతి నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. నెల రోజులు హాయిగా ఉంది, తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. అప్పటినుంచే తనకీ పట్టుదల. హైదరాబాద్‌లో ఆర్నెల్ల క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా చేస్తే మంచిదని ఎవరో చెప్పారట. చేయించమంటారా? ఈ దారిలో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: డిప్లొమా సంగతి ముందు చెబుతానండీ, ఫీజు కట్టమని తొందరపెడుతూ ఉండొచ్చు కాబట్టి. ఇప్పుడు కట్టకండి. ఆ కోర్సులు ఎక్కువగా మందుల కంపెనీల తరఫున ట్రయల్స్, అంటే చికిత్స పనిచేస్తుందో లేదో రోగుల మీద చూసే పరీక్షలు, నడిపే సంస్థల్లో పనికి తయారుచేస్తాయి. రోగుల సమ్మతి పత్రాలు సరిగ్గా ఉన్నాయా, ఫారాలు నిండాయా, లెక్కలు సరిపోయాయా అని చూసుకునే పని. గౌరవమైన పనే, హైదరాబాద్‌లో అలాంటి ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ అక్కడ ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో ముందే ఇంకెవరో నిర్ణయించి ఉంటారు. మీ అమ్మాయి మనసులో ఉన్న ప్రశ్న మీ మోచేతి దగ్గర పుట్టింది. దానికి ఆ డిప్లొమా దారి చూపదు.

ఆ ప్రశ్న ఎంత మంచిదో మీకు తెలియాలి. సుత్తి, రంపం పట్టేవాళ్ళకు మోచేతి బయటివైపు వచ్చే నొప్పిని, జన్మలో టెన్నిస్ ఆడకపోయినా, టెన్నిస్ ఎల్బో అంటారు. మణికట్టును పైకి లేపే కండరాలను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి భాగం, అంటే టెండన్, దెబ్బతినడం వల్ల వచ్చే బాధ అది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫిజియోథెరపీ పరిశోధకులు ఇలాంటి నొప్పి ఉన్న 165 మందిని తీసుకున్నారు. చీటీలు వేసినట్టుగా వాళ్ళను నాలుగు జట్లు చేశారు. ఎవరు ఏ జట్టులో పడాలన్నది డాక్టరు చేతిలోనూ లేదు, రోగి చేతిలోనూ లేదు. రెండు జట్లకు స్టెరాయిడ్ ఇంజెక్షన్, రెండు జట్లకు మందేమీ లేని ఉత్త సెలైన్ (ఉప్పునీళ్ళ) ఇంజెక్షన్. స్టెరాయిడ్ జట్లలో ఒకదానికి, సెలైన్ జట్లలో ఒకదానికి ఫిజియోథెరపీ కూడా ఇచ్చారు. ఏ ఇంజెక్షన్ వేశారో రోగులకు తెలియనివ్వలేదు.

నాలుగు వారాలకు చూస్తే, ఫిజియోథెరపీ లేని జట్లలో స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. మీ నెల రోజుల హాయి గుర్తొచ్చిందా? ఏడాదికి లెక్క తారుమారైంది. బాగా తగ్గింది లేదా పూర్తిగా పోయింది అన్నవాళ్ళు స్టెరాయిడ్ వైపు 83 శాతం ఉంటే, సెలైన్ వైపు 96 శాతం. నొప్పి తిరగబెట్టినవాళ్ళు స్టెరాయిడ్ వైపు 54 శాతం, సెలైన్ వైపు 12 శాతం. 2013లో అమెరికన్ వైద్య పత్రిక జామాలో అచ్చయిన ఫలితాలివి. నెల రోజులకే ఆపేసి ఉంటే ఆ ఇంజెక్షన్ గొప్పదని రాసుకునేవాళ్ళు. ఏడాదిపాటు ప్రతి రోగినీ వదలకుండా వెంటపడి అడిగారు కాబట్టి అసలు సంగతి బయటపడింది. ఒక్క రోగిని చూసి డాక్టరు గానీ, ఒక్క నొప్పిని భరించి మీరు గానీ ఈ తేడా కనిపెట్టలేరు.

ఇంకో మాట చెప్పాలి. ఈ మాట మీ అమ్మాయికి తప్పకుండా చదివి వినిపించండి. ఆ పరిశోధకుల్లో ఎక్కువమందిది ఫిజియోథెరపీ వృత్తి. ఏడాది తర్వాత ఫిజియోథెరపీ కూడా చెప్పుకోదగ్గ తేడా చూపలేదని వాళ్ళే రాశారు. తను ప్రేమించి నేర్చుకున్న చికిత్స పనిచేయలేదని తన చేత్తోనే రాయాల్సి వస్తే రాయగలనా అని మీ అమ్మాయి తనను తాను అడగాలి. రాయగలనని నిజాయితీగా అనిపిస్తే తనకు ఈ దారి నప్పుతుంది. మార్కులు, ఇంగ్లిషు, కంప్యూటరు తర్వాత నేర్చుకోవచ్చు.

తేలాల్సినవి ఈ రంగంలో చాలా ఉన్నాయి. మడమ వెనకాల టెండన్ నొప్పికి 1998లో స్వీడన్‌లో 15 మందితో రోజుకు 180 సార్లు, 12 వారాలపాటు, మడమను మెట్టు అంచు మీంచి కిందికి దించే వ్యాయామం చేయించి మంచి ఫలితం చూశారు. ప్రపంచమంతా అదే పట్టుకుంది. 2015లో డెన్మార్క్ వాళ్ళు వారానికి మూడుసార్లు బరువులతో నెమ్మదిగా చేయిస్తే కూడా అంతే ఫలితం వస్తుందని చూపారు. రోజంతా పనికి వెళ్ళే మనిషికి ఈ తేడా ఎంత పెద్దదో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మన దగ్గర తేలాల్సినవి మరీ ఎక్కువ. మోకాళ్ళ అరుగుదలకు ప్రపంచమంతా వాడే వోమాక్ అనే ప్రశ్నపత్రం ఉంది. సాక్సులు వేసుకోవడం కష్టంగా ఉందా, స్నానపు తొట్టిలోకి దిగడం, లేవడం కష్టంగా ఉందా అని అడుగుతుంది. నాట్లు వేసే ఆడమనిషిని ఆ ప్రశ్న అడిగి ఏం తెలుసుకుంటాం? గొంతుక్కూర్చోగలదా, బాసింపట్టు వేసుకుని అన్నం తినగలదా, గట్టు మీంచి మడిలోకి దిగగలదా అని అడగాలి. అడిగే ప్రశ్నలే మన జీవితానికి సరిపోకపోతే చికిత్స పనిచేసిందో లేదో కొలిచేదెలా? తెనాలిలో పుట్టిన అమ్మాయి చేయగలిగిన పని ఇక్కడే ఉంది.

ఇక దారి. బీపీటీ, ఇంటర్న్‌షిప్ అయ్యాక ఒకటి రెండేళ్ళు ఏదైనా మంచి ఆర్థోపెడిక్ విభాగంలో రోగులతో పని చేయనివ్వండి. రోగిని తాకకుండా వేసే పరిశోధన ప్రశ్నలు చప్పగా ఉంటాయి. తర్వాత ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పీజీ, మస్క్యులోస్కెలిటల్ (కీళ్ళు, కండరాల) విభాగంలో. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, కటక్ దగ్గర స్వామి వివేకానంద పునరావాస సంస్థ, మణిపాల్ లాంటివి చూడొచ్చు. అయితే కాలేజీ పేరు కంటే థీసిస్ (పరిశోధన వ్యాసం) చేయించే గైడ్ ముఖ్యం. గత ఐదేళ్ళలో ఆయన గానీ ఆమె గానీ సొంతంగా ట్రయల్ చేసి ప్రచురించారా, వాళ్ళ పాత విద్యార్థులు ఏం చేస్తున్నారు అని ఫోన్ చేసి మరీ కనుక్కోమనండి. నా దగ్గరకొచ్చే ఎంపీటీ విద్యార్థుల్లో చాలామంది థీసిస్‌ను డిగ్రీ కోసం పూర్తిచేసే లాంఛనంగా చూసి నష్టపోయారు. తను పరిశోధకురాలు అయ్యేది ఆ థీసిస్‌లోనే.

ఒక హెచ్చరిక. ట్రయల్ మొదలుపెట్టే ముందు, రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐ అనే ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి అది అయిపోయిన అధ్యయనాలను తీసుకోవడం లేదు. అంతా అయ్యాక నమోదుకు పరిగెత్తిన పిల్లల రెండేళ్ళ శ్రమ మంచి పత్రికల్లో అచ్చుకు నోచుకోక మూలపడటం చూశాను. మీ అమ్మాయికి అలా జరగకూడదు.

బతుకుతెరువు అడిగారు. ఉన్నదున్నట్టు చెబుతాను. మన రెండు రాష్ట్రాల్లో కేవలం ఫిజియోథెరపీ పరిశోధన చేసే ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఈ రంగంలో ఉన్నవాళ్ళు ఎక్కువగా కాలేజీలో పాఠం చెబుతూ, రోగులను చూస్తూ, మిగిలిన టైములో పరిశోధన చేస్తారు. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె అలవెన్సు అదనం. ప్రకటనలో ఎంపీటీకి అర్హత ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. విదేశాల్లో పీహెచ్‌డీ చేయాలనుకుంటే, ఆస్ట్రేలియాలో ప్రభుత్వ రీసెర్చ్ ట్రైనింగ్ ప్రోగ్రాం స్కాలర్‌షిప్‌కు మన పిల్లలూ పోటీపడొచ్చు. స్కాలర్‌షిప్ వస్తేనే పంపండి. పీహెచ్‌డీ కోసం ఇల్లు తాకట్టు పెట్టొద్దు.

క్లినిక్‌కు కూడబెట్టిన డబ్బు ఎంపీటీకి పనికొస్తుంది, బ్యాంకులోనే ఉంచండి. ఆ తర్వాత కూడా తను క్లినిక్ పెట్టుకోవచ్చు, ఆ తలుపు మూసుకుపోదు.

ఈ నెలలో తనతో ఒక పని చేయించండి. పెడ్రో అనే వెబ్‌సైటులో ఫిజియోథెరపీ ట్రయల్స్ ఉచితంగా వెతుక్కోవచ్చు, చాలావాటికి నాణ్యత మార్కులు కూడా వేసి ఉంటాయి. టెన్నిస్ ఎల్బో మీద ఐదు ట్రయల్స్ చదివి, ఏం తేలిందో మీకు అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాసివ్వమనండి. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ మీరు గీత గీయండి, తను తిరగరాయాలి. నేను డాక్టర్ని కాను, మీ చేతికి ఏం చేయాలో చెప్పలేను. కానీ రెండో ఇంజెక్షన్ వేయిస్తామని ఎవరైనా అంటే, ఆ పేజీ జేబులో పెట్టుకుని ఆర్థోపెడిక్ డాక్టరు గారి దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళండి.