అడవి బాటలకు ఎలాంటి డర్ట్ బైక్ కొనాలి?

విశాఖలో ఉంటూ, సెలవు రోజుల్లో అనంతగిరి వైపు మట్టి దారుల్లో తిరగడానికి ఏ బండి మంచిదని అడిగారు. సీసీ (ఇంజిన్ సైజు) కంటే ముందు బరువు చూడండి. చెట్ల మధ్య ఇరుకు దారిలో టాప్ స్పీడ్‌తో పనే లేదు. తడిసిన వేరు మీద చక్రం జారి బండి పడితే, మీరొక్కరే లేపగలగాలి.

అందుకే కొత్తవాళ్లకు నేను హీరో కంపెనీ ఎక్స్‌పల్స్ 200 4వీ అంటాను. బరువు దాదాపు 160 కిలోలు, గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) 220 మి.మీ., ముందు 21 అంగుళాల స్పోక్ చక్రం. సీటు ఎత్తు 825 మి.మీ., కాబట్టి షోరూమ్‌లో ఎక్కి కూర్చుని కాళ్లు ఆనుతున్నాయో లేదో తప్పకుండా చూసుకోండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 ఘాట్ రోడ్డు మీద హాయిగా ఉంటుంది కానీ 196 కిలోలు. ఎర్రమట్టి బురదలో ఆ బరువు చాలా టెన్షన్ పెడుతుంది. కవాసాకి కేఎక్స్ లాంటి అసలు మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసు) బళ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కించకూడదు.

మిగిలిన డబ్బు నాబీ టైర్లకు (మట్టిలో పట్టు కోసం పెద్ద గుబ్బలుండే టైర్లు), ఇంజిన్ కింద రాళ్ల దెబ్బ తగలకుండా కాచే బాష్ ప్లేట్‌కు, మంచి బూట్లకు పెట్టండి. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం, అక్కడికి మాత్రం బండి తీసుకెళ్లొద్దు. మిగతా అడవి దారులకైనా ముందు అటవీ శాఖను అడగండి.