దీర్ఘకాలిక నడుము నొప్పికి ఆస్టియోపతి చేతి చికిత్స నిజంగా పనిచేస్తుందా?

కండరాలను, కీళ్లను చేతులతో నొక్కి, సాగదీసి, కదిలించి చేసే ఈ చికిత్స కొంత పనిచేస్తుంది, కానీ ప్రచారంలో చెప్పేంత కాదు.

2013లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో 455 మంది పాల్గొన్నారు. అసలు చికిత్స తీసుకున్నవాళ్లలో 63 శాతం మందికి నొప్పి కనీసం 30 శాతం తగ్గింది. ఉత్తుత్తి చికిత్స తీసుకున్నవాళ్లలోనూ 46 శాతం మందికి అంతే తగ్గింది! ఈ రెండో అంకెను చాలామంది దాటవేస్తారు. మనిషి చేయి తగలడం, ఎవరో శ్రద్ధగా చూసుకోవడం వల్ల కలిగే ఊరటను లెక్కలోంచి తీసేస్తే మిగిలేదే చికిత్స అసలు ఫలం. అందుకే ఉత్తుత్తి చికిత్సతో పోల్చని అధ్యయనాలను నేను పెద్దగా నమ్మను.

2021లో ఫ్రాన్స్‌లో 400 మందిపై జరిగిన ట్రయల్ ఇంకా కఠినంగా తేల్చింది. ఆరు సెషన్ల చికిత్స తర్వాత, మూడు నెలలకు, రోజువారీ పనుల్లో ఇబ్బందిని కొలిచే 100 పాయింట్ల స్కేలు మీద అసలు చికిత్సకూ ఉత్తుత్తి చికిత్సకూ తేడా సుమారు 3 పాయింట్లే. అంత చిన్న తేడా రోగికి పెద్దగా తెలియకపోవచ్చు.

అయితే 1999 నాటి ఒక అమెరికా అధ్యయనం నాకు ముఖ్యమనిపిస్తుంది. అందులో నొప్పి మామూలు వైద్యంతో సమానంగానే తగ్గింది, కానీ మందుల వాడకం తక్కువైంది. మాత్రలు పడనివాళ్లకు అది చిన్న విషయం కాదు.

నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరం ఉన్నా ఈ చికిత్స జోలికి పోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించండి.