తోటి వేషం చూసి బిగుసుకుపోయిన మా అబ్బాయి

మీ నాలుగేళ్ల పాప చీకటికి భయపడుతోందని, రెండు వారాలు లైటు ఆర్పి ఒంటరిగా పడుకోబెడితే అదే అలవాటవుతుందని మీ అత్తగారు చెబుతున్నారని, అలా చేయవచ్చా అని అడిగారు. దయచేసి చేయకండి. పిల్లలకు అలవాటు చేయడం మంచి పద్ధతే గాని, వణుకుతున్న బిడ్డను తీసుకెళ్లి ఆ భయం ముందే నిలబెట్టడాన్ని అలవాటు చేయడం అనరు. పదకొండేళ్ల క్రితం మా ఇంట్లో జరిగినది చెబితే నేను ఇంత గట్టిగా ఎందుకంటున్నానో మీకు అర్థమవుతుంది.

మాది తిరుపతి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారం రోజులూ ఊళ్లో చిన్నాపెద్దా వేషాలు వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. మొదట ఒళ్లంతా నామంకొమ్ము అనే తెల్లమట్టి పూసుకునే బైరాగి వేషం, తర్వాత కుంకుమ పూసుకునే బండ వేషం, ఆ తర్వాత బొగ్గుపొడి పూసుకుని వేపమండలు పట్టుకునే తోటి వేషం వస్తాయి. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ మారువేషాలలో తిరిగిందన్న కథ తెలిసిన మాకు ఆ వేషాలు చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. నాలుగేళ్ల పిల్లవాడికి ఆ కథ తెలియదు. వాడికి తెలిసేది నల్లని ముఖం, అందులో మెరిసే తెల్లని కళ్లు, చెవులు పగిలే డప్పుల మోత మాత్రమే.

ఆ సంవత్సరం తోటి వేషం రోజున మా బావగారు మా అబ్బాయిని భుజం మీద ఎక్కించుకుని గుడి వైపు తీసుకెళ్లారు. నేను వెనకే నడుస్తున్నాను. వేషం వేసుకున్న ఒక యువకుడు ఎదురుపడగానే వాడు పెదనాన్న జుట్టు పట్టుకుని ముఖం దాచుకున్నాడు. ఆయన వాడిని కిందికి దించి, ఆ యువకుడి ఎదురుగా నిలబెట్టి, "ముట్టుకోరా, ఏం చెయ్యడు, మగపిల్లోడివి గదా!" అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వుతూ ఫోన్లు బయటికి తీశారు. మా వాడు ఏడవలేదు. చేతులు రెండూ ఒంటికి అంటించుకుని కర్రలా బిగుసుకుపోయాడు. కాసేపటికి నిక్కరు తడిసి, కాళ్ల వెంట నీళ్లు కారాయి. "చూడమ్మా, ఏడవలేదు, భయం పోయింది" అని మా బావగారు సంతోషంగా నాతో అన్నారు. ఆయన చెడ్డవారు కారు, పిల్లవాడిని ప్రాణంగా చూసుకునే మనిషి. ఏడుపు ఆగితే భయం పోయినట్టేనని ఆయన నిజంగానే నమ్మారు. నిజానికి ఏడవడం మానేసిన పిల్లల విషయంలోనే మనం ఎక్కువ జాగ్రత్త పడాలని నా గట్టి అభిప్రాయం. ఏడ్చే బిడ్డ ఇంకా మన సాయం అడుగుతోంది, బిగుసుకుపోయిన బిడ్డ అడగడం కూడా మానేసింది.

ఆ తర్వాత ఏడాది పాటు మేము పడిన అవస్థ అంతా ఇంతా కాదు. మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఉండేది. పెట్టెలో పోయడానికి ఉంచుకున్న బొగ్గుల సంచి చూసినా చాలు, వాడు నా చీర కొంగులో తల దూర్చేవాడు. ఒంటరిగా స్నానాల గదిలోకి వెళ్లేవాడు కాదు, కరెంటు పోతే కేక పెట్టేవాడు. మా అత్తగారు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. దిష్టిని నేను తప్పుపట్టను. ఎందుకంటే ఆ ఐదు నిమిషాలైనా అవ్వ వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీకు భయం పుట్టింది నాయనా, తీసేస్తాను" అని వాడి భయాన్ని ఒప్పుకుంది. మిగతా అందరం "అక్కడ ఏమీ లేదురా" అని వాడితో వాదిస్తూ గడిపాము.

ఆ వాదన ఎందుకు పనిచేయదో తర్వాత చదివి తెలుసుకున్నాను. రేటా డివ్రీస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1969లో ప్రచురించిన పరిశోధనలో పిల్లలను ఒక పిల్లితో ఆడుకోనిచ్చి, ఆ తర్వాత దాని తల వైపు తెర అడ్డుపెట్టి కుక్క ముసుగు తొడిగారు. తోక వైపు వారికి కనబడుతూనే ఉంది. అయినా మూడేళ్ల పిల్లలలో చాలామంది అది కుక్క అయిపోయిందనే అనుకున్నారు, ఆరేళ్ల వారికి మాత్రం ముసుగు తొడిగినా పిల్లి పిల్లేనని తెలుసు. కనుక "వాడు మన పక్కింటి అన్నేరా" అని నాలుగేళ్ల వాడికి వందసార్లు చెప్పినా ఫలితం ఉండదు. మనిషి వేషంగా మారడమూ, ఆ వేషం మళ్లీ మనిషిగా మారడమూ వాడు కళ్లారా చూడాలి.

మరుసటి జాతరకు మా పక్కింట్లో డిగ్రీ చదివే అబ్బాయికి తోటి వేషం మొక్కు ఉందని తెలిసి, మా వాడి ఎదుట పూసుకుంటావా అని అడిగాను. "దానికేం అక్కా, తెల్లారి అయిదింటికి తీసుకురా" అన్నాడు. మేము వెళ్లేసరికి లుంగీ కట్టుకుని పెరట్లో పళ్లు తోముకుంటున్నాడు. నేను వాడిని ఒళ్లో పెట్టుకుని పది అడుగుల దూరంలో మెట్టు మీద కూర్చున్నాను. చేతిలో వాడికి ఇష్టమైన నిప్పట్టు ముక్క పెట్టాను. ముందు ఒక చేయి, తర్వాత రెండో చేయి, ఆ తర్వాత ఛాతీ నల్లబడుతుంటే వాడు తినడం ఆపి చూస్తూ ఉండిపోయాడు. ముఖానికి పూసుకోబోయే ముందు ఆ అబ్బాయి ఆగి, "ఇప్పుడు ముఖానికి పూసుకుంటా, సరేనా?" అని వాడిని అడిగాడు. మా వాడు చాలాసేపు ఆలోచించి తల ఊపాడు. అంతా అయ్యాక నా ఒళ్లోంచి జారి, నాలుగడుగులు వేసి ఆగి, "అన్నా, చెవి వెనకాల పూసుకోలేదు" అన్నాడు. ఆ మాట విని నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

సాయంత్రం అంతకంటే ముఖ్యమైన పని జరిగింది. కుళాయి దగ్గర ఆ అబ్బాయి స్నానం చేస్తుంటే మా వాడే చెంబుతో నీళ్లు పోశాడు. నల్లని నీళ్లు కాలువలోకి పోతుంటే అన్న ముఖం బయటపడింది. బొగ్గు పూసుకోవడం చూసినందుకంటే, కడుక్కోవడం చూసినందుకే వాడి భయం పోయిందని నేను నమ్ముతాను. మరునాడు ఇస్త్రీ బండి ముందు నడిచి వెళ్లాడు, నా చేయి మాత్రం వదల్లేదు.

మేము చేసినది కొత్త పద్ధతేమీ కాదు. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కుందేలుకు భయపడే పీటర్ అనే పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ, పంజరంలోని కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చారు. చివరికి ఆ కుందేలు తన వేళ్లను కొరుకుతున్నా వాడు భయపడలేదు. ఇంతకాలంగా తెలిసిన విషయాన్ని పక్కన పెట్టి మనం "బూచోడికి పట్టిస్తా", "పోలీసుకు చెబుతా" అంటూ అన్నం ముద్దలు మింగిస్తాము. అల్లరి చేస్తే చీకటి గదిలో పెడతామని బెదిరించిన ఒక బడిలో మా వాడు మూడు నెలలు చదివాడు, తెలిసిన రోజే మాన్పించాను. పగలంతా సూది వేయిస్తానని బెదిరించిన తల్లే ఆసుపత్రిలో "నొప్పి ఉండదు కన్నా" అంటే ఆ బిడ్డ ఎవరిని నమ్మాలి? కొండ మీద కల్యాణకట్టలో ముందు తండ్రి కూర్చుని గుండు చేయించుకుంటూ బిడ్డకు చూపించే వారిని చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

భయం వల్ల పాప వారాల తరబడి సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. అంతవరకు రాకపోతే ఈ రాత్రికి లైటు ఆర్పవద్దు. పాపనే ఆర్పమనండి, మీరు పక్కనే కూర్చోండి, తనకు కావాలనిపించగానే మళ్లీ వేసుకోనివ్వండి. మొదటి రోజు మూడు సెకన్లే చీకటి ఉండవచ్చు, ఉండనివ్వండి. స్విచ్చి అందకపోతే కింద ఒక పీట వేయండి.