సత్యనారాయణపురం ఫ్లాటు కొని ఆరు నెలల్లో అమ్మొచ్చా?

ప్రశ్న: నా వయసు 34. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నా భార్య గుంటూరులో టీచర్. అక్కడే 12 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాం. 18 లక్షలు దాచుకున్నాం. సత్యనారాయణపురంలో పాతికేళ్ల నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు 42 లక్షలకు వస్తోంది. 4 లక్షలు పెట్టి బాగుచేయిస్తే ఆరు నెలల్లో 52 లక్షలకు పోతుందని మధ్యవర్తి అంటున్నారు. బ్యాంకు లోను 30 లక్షలు తీసుకుందామనుకుంటున్నాం. తక్కువ పడితే మా మామగారు రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానన్నారు. ఇళ్లు కొని, బాగుచేసి అమ్మే పని ఇలా మొదలుపెట్టొచ్చా?

జవాబు: ఈ ఫ్లాటుతో మాత్రం వద్దు. మీ ఆలోచన తప్పని కాదు, మధ్యవర్తి చెప్పిన లెక్కలో సగం ఖర్చులు లేవు. కాగితం తీసుకుని నాతో పాటు వేయండి.

మన రాష్ట్రంలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం ఏడున్నర. 42 లక్షల మీద అది 3 లక్షల 15 వేలు. కొన్నప్పుడు కమీషన్ 1 శాతం అనుకుంటే 42 వేలు, అమ్మినప్పుడు 52 వేలు. రిపేర్లు 4 లక్షలు. 30 లక్షల లోనుకు 9 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 22,500, ఆరు నెలలకు 1 లక్ష 35 వేలు. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నెలకు 2,500 చొప్పున 15 వేలు. ఫ్లాటు ధర 42 లక్షలతో అన్నీ కలిపితే మీకు పడేది 51 లక్షల 59 వేలు. 52కి అమ్మితే మిగిలేది 41 వేలు. లాయరు ఫీజు, బ్యాంకు ఛార్జీలు ఇందులో ఇంకా వేయలేదు.

ఆరు నెలలు తొమ్మిది నెలలైతే? నెలకు 25 వేల చొప్పున మరో 75 వేలు పోయి, 34 వేల నష్టంలో ఉంటారు. తొమ్మిది నెలలు పట్టడం ఏమంత వింత కాదు. ఆషాఢం వచ్చిందంటే బేరాలు ఆగిపోతాయి, మూఢం వస్తే రిజిస్ట్రేషన్ వాయిదా వేస్తారు. బ్యాంకు వడ్డీకి మూఢం లేదు.

ఇంకో విషయం. చేతినుంచి పెట్టాల్సింది చూడండి: ధరలో లోను పోను మిగిలే 12 లక్షలు, రిజిస్ట్రేషన్, కొన్నప్పటి కమీషన్, రిపేర్లు కలిపి 19 లక్షల 57 వేలు. మీ దగ్గరున్నది 18. అంటే మొదటిరోజే మామగారి దగ్గరకు వెళ్లాలి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మామగారి మంచితనం మీద నాకు గౌరవమే, కానీ ఆ డబ్బుతో ఇంటి వ్యాపారం చేయకండి. అమ్మకం ఆలస్యమైతే ఆ టెన్షన్ మీ కాపురంలోకి వస్తుంది.

పన్ను కూడా ఉంది. 24 నెలల లోపు అమ్మితే లాభం మీ జీతంతో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. రెండేళ్లు దాటాక అమ్మితే 12.5 శాతమే, పైగా ఆ లాభంతో మరో ఇల్లు కొంటే మినహాయింపు కూడా ఉంది. ఇదే పని పదేపదే చేస్తే వ్యాపార ఆదాయంగా లెక్కించే అవకాశం ఉంది. అమ్మకం ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంటే కొన్నవారు 1 శాతం టీడీఎస్ (మీ తరఫున ముందే కట్టే పన్ను) పట్టుకుని మిగతాదే మీకు ఇస్తారు.

‘డాక్యుమెంటులో 30 లక్షలు రాసుకుందాం, మిగతాది క్యాష్’ అని ఎవరైనా అంటారు. ఒప్పుకోకండి. బ్యాంకు డాక్యుమెంటు విలువను చూసే లోను ఇస్తుంది. రేపు మీరు 52 లక్షలకు పూర్తి వైట్‌లో, అంటే మొత్తం ధర డాక్యుమెంటులో చూపించి అమ్మితే కాగితం మీద లాభం 22 లక్షలు కనిపిస్తుంది, దాని మీద పన్ను మీరే కట్టాలి. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు.

ఇక రిపేర్లు. రంగులు, కిచెన్ ప్లాట్‌ఫారం, వైరింగ్, బాత్‌రూమ్ టైల్స్ మన చేతిలో పని. పై ఫ్లాటు బాత్‌రూమ్ నుంచి మీ స్లాబులోకి నీళ్లు దిగుతుంటే? పైవాళ్లు ఒప్పుకుంటే తప్ప ఆగదు. ఈశాన్యంలో టాయిలెట్ ఉంటే ఎన్ని లక్షలు పెట్టినా మార్చలేం. కొనడానికి వచ్చినవాళ్లు వాస్తు తెలిసినవారిని వెంటబెట్టుకొస్తారు, గుమ్మంలోంచే తిరిగిపోతారు. అందుకే బేరానికి ముందే ఆ కంటితో చూడండి. సింగ్ నగర్, పాయకాపురం వైపు గ్రౌండ్ ఫ్లోర్లు చవకగా వస్తున్నాయంటే 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటివాళ్లను అడగండి. కొత్త రంగు కింద ఆ గీత కనిపించదు.

పాత అపార్ట్‌మెంట్‌లో విలువ గోడలది కాదు, మీ వాటాకు వచ్చే స్థలానిది. డాక్యుమెంటులో ఆ వాటా (అవిభాజ్య వాటా అని రాస్తారు) ఎన్ని గజాలో చూడండి. ప్లానులో లేని అంతస్తు ఉంటే బ్యాంకు వెనకాడుతుంది, రేపు మీ దగ్గర కొనేవారి బ్యాంకు కూడా. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో రిజిస్టరైన లావాదేవీలే వస్తాయి. వారసుల తగాదా గానీ, రిజిస్టర్ చేయని అగ్రిమెంటు గానీ అందులో కనిపించవు. అవి లాయరు లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులు చదివితేనే బయటపడతాయి.

బయానా ఇచ్చి, రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా అగ్రిమెంటు మీదే ఇంకొకరికి అమ్మేద్దాం అనే సలహా కూడా మీకు రావచ్చు. 2018లో నా దగ్గరకు వచ్చిన ఒకాయన అమరావతి వైపు స్థలానికి 5 లక్షలు బయానా ఇచ్చారు. మూడు నెలల గడువును రెండుసార్లు పెంచుకున్నారు. 2019లో రాజధాని మాట మారగానే కొనేవాడు లేడు, బయానా పోయింది. అది ఆయన కూతురి చదువు కోసం దాచిన డబ్బు. ఇప్పుడు అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి నిజమే, కానీ మీకున్న గడువు మూడు నెలలే అయితే ఆ ఊరి భవిష్యత్తు మీకు అక్కరకు రాదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మీరు కాపురముండే ఇంటితోనే. గుంటూరులో కొరిటెపాడు, విద్యానగర్ వైపు 30 లక్షల లోపు పాత ఫ్లాటు వెతకండి. దొరకడానికి ఏడాది పట్టినా సరే. 22 లక్షల లోను, ఇరవై ఏళ్లు, 9 శాతం వడ్డీకి ఈఎంఐ సుమారు 19,800. అద్దె 12 వేలు మిగులుతుంది కాబట్టి అదనపు భారం 7,800. చేతినుంచి 8 లక్షలు, రిజిస్ట్రేషన్ 2 లక్షల 25 వేలు, కమీషన్ 30 వేలు, రిపేర్లు 3 లక్షలు, మొత్తం 13 లక్షల 55 వేలు. ఇంకా 4 లక్షల 45 వేలు ఎఫ్‌డీలో ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి.

ఆ ఇంట్లో ఉంటూ ఒక్కో గది బాగుచేయించండి. ప్లంబరుకు, ఎలక్ట్రీషియన్‌కు డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి బిల్లులు దాచండి, అమ్మేటప్పుడు పన్ను లెక్కలో పనికొస్తాయి. ఏ పనికి ఎంతవుతుందో, ఏ మేస్త్రీ మాట నిలబెట్టుకుంటాడో రెండేళ్లలో మీకే తెలుస్తుంది. మంచి ధర వస్తే అమ్మండి, రాకపోతే మీ ఇంట్లో మీరు హాయిగా ఉంటారు.

సత్యనారాయణపురం మధ్యవర్తికి ఈ వారమే కాదని చెప్పేయండి. ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే రసీదు, అగ్రిమెంటు కాపీ తీసుకుని ముందు ఒక లాయరును కలవండి.