బరంపురంలో వయొలిన్ నేర్చుకునే పిల్లలు యూరోవిజన్ యంగ్ మ్యూజిషియన్స్‌కు దరఖాస్తు చేయవచ్చా?

చేయలేరు; బరంపురమైనా, పర్లాకిమిడి అయినా, రాయగడ అయినా, ఆ పోటీకి సొంతంగా దరఖాస్తు చేసే వీలే లేదు.

పోటీపడేది పిల్లలే అయినా, వారిని పంపేది టీవీ సంస్థలు. 1982లో మాంచెస్టర్‌లో మొదలైన ఈ యువ శాస్త్రీయ సంగీతకారుల పోటీని ప్రసార సంస్థల కూటమి అయిన యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ సాధారణంగా రెండేళ్లకోసారి జరుపుతుంది. పాల్గొనే ప్రతి సభ్య సంస్థ తన దేశం తరఫున ఒక్కరిని ఎంచుకుంటుంది. మన దూరదర్శన్ అలా పంపే సంస్థల్లో లేదు. కాబట్టి అడ్డంకి ప్రతిభ కాదు. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

వయొలిన్ విద్వాంసుడు జూలియన్ రాక్లిన్‌నే తీసుకోండి. లిథువేనియాలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో వియన్నా చేరిన ఆయన 1988లో, పదమూడేళ్ల వయసులో గెలిచారు. అదీ ఆస్ట్రియా తరఫున. ఎక్కడ పుట్టారన్నది కాదు, ఏ దేశపు ప్రసార సంస్థ ఎంచుకుందన్నదే లెక్క.

‘శాస్త్రీయ సంగీతం’ అనగానే కర్ణాటక సంగీతానికీ చోటుంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఫైనల్లో సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి పాశ్చాత్య శాస్త్రీయ కృతులు వాయించాలి. ఎంత గొప్ప రాగాలాపన అయినా ఆ చట్రంలో ఇమడదు.

కర్ణాటక, హిందుస్థానీ విద్యార్థులకు తగినది ఆకాశవాణి సంగీత పోటీ. వివరాలు బరంపురం, జయపురం ఆకాశవాణి కేంద్రాల్లో అడగండి.