అటక మీది బీబీసీ మైక్రో: ఆన్ చేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. బడికి వచ్చిన కంప్యూటర్లు చూసుకున్నదీ ఆయనే. తర్వాత వాటిని వేలం వేస్తే ఒకటి కొని ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన పోయాక మొన్న అటక సర్దుతుంటే అది బయటపడింది. కీబోర్డు పైన ఎర్ర కీల వరుస, గుడ్లగూబ గుర్తు ఉన్నాయి. పక్కన అట్టపెట్టె నిండా క్యాసెట్లు. పాతసామాన్లతను తూకానికి అడుగుతున్నాడు. ఒకసారి ఆన్ చేసి చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అమ్మా, పాతసామాన్లతన్ని పంపించేయండి. అది బీబీసీ మైక్రో, బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ పేరుతో వచ్చిన పాతకాలం కంప్యూటర్. కానీ ఇప్పుడే ప్లగ్ పెట్టకండి. దాని పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చే చోట తేనెరంగు కెపాసిటర్లు (ఛార్జ్ నిలవ ఉంచే చిన్న భాగాలు) ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి తొడుగు బీటలు వారుతుంది, లోపలి కాగితం తేమ పీల్చుకుంటుంది. అలాంటిదానికి 230 వోల్టులు తగిలితే వేడెక్కి పగిలి గదంతా ఘాటైన పొగ నిండుతుంది. సాధారణంగా అంతకు మించి నష్టం ఉండదు గానీ, చూసేవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. 0.1 మైక్రోఫారడ్‌ది ఒకటి, 0.01ది ఒకటి మార్చాలి. రెండూ నేరుగా మెయిన్స్ కరెంటు మీద వాడేందుకు చేసిన ‘ఎక్స్2’ రకమే అయి ఉండాలి, మామూలువి పెట్టకూడదు. టీవీ రిపేరు బాగా తెలిసినవాళ్ళకి ఇది చిన్న పని. మీరు మాత్రం ఆ డబ్బా విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపల ఛార్జ్ నిలిచి ఉంటుంది.

ఆ మెషీన్ అంటే నాకు ప్రాణం. తిరుపతిలో పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెప్పిన రోజుల్లో ప్రాసెసర్ ఎలా పనిచేస్తుందో నాకు నిజంగా అర్థమైంది దాని ముందు కూర్చున్నాకే. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీ 1981 డిసెంబరులో తెచ్చింది. అందులో ‘మోడల్ బీ’ అనే రకానికి మెమరీ 32 కేబీ, 6502 ప్రాసెసర్ వేగం 2 మెగాహెర్ట్జ్. మన ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకంలో బడులకు వెళ్ళినవి ఇవే. దీనికోసం ఏకార్న్ ఇంజినీరు సోఫీ విల్సన్ రాసిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ప్రోగ్రామ్ మధ్యలోనే అసెంబ్లీ భాష (ప్రాసెసర్‌కి నేరుగా ఆదేశాలిచ్చే భాష) కూడా రాసుకోవచ్చు. బడిపిల్లల చేతికి అంత స్వేచ్ఛ ఇచ్చిన కంప్యూటర్ అప్పట్లో ఇంకోటి నేను చూడలేదు.

ఆ విల్సన్, ఏకార్న్‌లోనే పనిచేసిన స్టీవ్ ఫర్బర్ కలిసి రూపొందించిన ఏఆర్ఎమ్ ప్రాసెసర్ 1985లో మొదటిసారి నడిచింది. దాని నమూనాను వాళ్ళు బీబీసీ బేసిక్‌లోనే రాసి పరీక్షించారు. మీ ఫోన్‌లో ఉన్నది ఆ వంశమే. ఈ బీబీసీ మైక్రోకి ‘ట్యూబ్’ అనే పోర్టు ఉంది, రెండో ప్రాసెసర్ తగిలించడానికి. ఇప్పుడు అభిమానులు దానికి రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ కలిపి నడుపుతున్నారు. అందులో ఉన్నదీ ఏఆర్ఎమ్మే! ఫ్లాపీ బదులు మెమరీ కార్డు పెట్టే బోర్డులు, కొత్త ఆటలు ఇప్పటికీ తయారవుతున్నాయి. పోర్టులన్నీ బయటికి తెరిచి, ఏది ఎలా పనిచేస్తుందో మాన్యువల్‌లో విప్పి చెప్పారు కాబట్టే ఇన్నేళ్లకూ జనం దాన్ని బాగుచేసుకోగలుగుతున్నారు.

కానీ అమ్మా, నాకు మెషీన్ కంటే ఆ క్యాసెట్ల మీదే ఎక్కువ బెంగ. బీబీసీ మైక్రోలు లక్షల్లో అమ్ముడయ్యాయి, ఇంకోటి దొరుకుతుంది. మాస్టారు పిల్లల కోసం స్వయంగా రాసిన లెక్కల ప్రోగ్రాములేమైనా ఉంటే అవి ఆ టేపుల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి, పక్కన ఉంచండి. బాగున్నవాటిని మంచి క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టి, హెడ్‌ఫోన్ వైరుతో ల్యాప్‌టాప్ మైక్ పోర్టుకి కలిపి, వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఎంపీ3గా కుదించొద్దు. వినడానికి అది కీచుమనే శబ్దమే. 1200, 2400 హెర్ట్జ్ స్వరాల్లో ప్రోగ్రామంతా ఉంటుంది. ఆ ఫైళ్ల నుంచి ప్రోగ్రాములు బయటికి తీసి ఎమ్యులేటర్‌లో (ల్యాప్‌టాప్‌లోనే ఆ పాత మెషీన్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో) నడపొచ్చు, మెషీన్ బాగయ్యేదాకా ఆగక్కర్లేదు.

క్యాసెట్ల మీద మాస్టారు రాసిన పేర్లు నాకు రాసి పంపండి. కెపాసిటర్లు మార్చే మనిషి చిత్తూరులో దొరక్కపోతే కబురు పెట్టండి, నేనే బస్సెక్కి వస్తాను.