తల తుంచినా పొగాకు పండడం లేదా? ముందు పదును చూడండి

అన్నా, పొదిలి దగ్గర మీ పొగాకు చేలో తల (పూమొగ్గ) తుంచి మూడు వారాలైనా ఆకు మందంగా, ముదురు పచ్చగానే ఉంది, యూరియా వెయ్యాలా అని అడిగారు. దయచేసి వెయ్యొద్దు. వేస్తే ఆకు ఇంకా పచ్చబడుతుంది, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో రంగు రాదు.

జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టకుండా పొడిపొడిగా రాలితే పదును, అంటే నేలలో తేమ, లేనట్టే. నికోటిన్ తయారయ్యేది వేళ్లలో. తల తుంచగానే అది ఎలాగూ పెరుగుతుంది. దానికి బెట్ట తోడైతే ఆకు సాగదు, చిన్నదిగా మందంగా మిగులుతుంది. నికోటిన్, నత్రజని ఎక్కువై చక్కెరలు తగ్గుతాయి. పొగ ఘాటెక్కేది అందుకే.

సాలు విడిచి సాలు ఒక తేలికపాటి తడి ఇవ్వండి, అదీ సాయంత్రం పూట. నీళ్లు నిలబడనివ్వకండి. వేళ్లకు గాలి అందకపోతే మొక్క తడిలోనే వాడిపోతుంది. అతిగా పారించినా ఆకు పలచనై తూకం రాదు.

ముఖ్యంగా బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పగా ఉంటే ఆ తడి అసలు వద్దు. ఉప్పులోని క్లోరైడ్ ఆకులోకి ఎక్కితే ఆకు సరిగా కాలదు, ధర పడిపోతుంది. నీటి పరీక్ష చేయించాకే మోటారు వెయ్యండి.

తడి తర్వాత ఆకు మళ్లీ పచ్చబడితే టెన్షన్ పడొద్దు. అడుగాకు పసుపు తిరిగేదాకా కోత ఆపండి.